వజ్రం దొరికాక కూడా కథ ఆగలేదు: 'చివరకు మిగిలేది' గురించి మాట్లాడుకుందాం

తాడేపల్లి నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. వెనకాల లారీల హారన్లు వినపడితే కాస్త సర్దుకోండి, మా రూము హైవేకి దగ్గర.

పోయిన ఎపిసోడ్‌లో ది ఆల్కెమిస్ట్ గురించి చెప్పుకున్నాం కదా. గొర్రెలు కాసుకునే శాంటియాగోకి నిధి ఉందని కల రావడం, వాడు ఈజిప్టు పిరమిడ్ల దాకా పోవడం, తీరా ఆ నిధి బయలుదేరిన చోటే, పాడుబడ్డ చర్చిలోనే దొరకడం. ఆ వీడియో కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, ఇలాంటి నవల మన తెలుగులో లేదా? ఒకడు బయలుదేరి, నానా చోట్లా తిరిగి, చివరికి తనెవరో తెలుసుకునే కథ?" అని.

ఉంది తమ్ముడూ. ఆల్కెమిస్ట్ పోర్చుగీసు భాషలో వచ్చింది 1988లో. అంతకు నలభై ఏళ్ల ముందే తెలుగులో ఒకాయన రాశారు. బుచ్చిబాబు గారి 'చివరకు మిగిలేది'. ఇందులో కూడా నిధి ఉంది. కల్లో వచ్చిన నిధి కాదు, నిజం వజ్రమే. కాకపోతే అది కథ మధ్యలోనే దొరికేస్తుంది. దొరికాక కూడా మనిషికి ప్రశాంతత రాదు. మరి ఏం దొరికితే వస్తుంది? ఈ రోజు మన టాపిక్ అదే.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. ఒకటి, కథ కొంచెం బయటపెడతాను. ఈ నవలలో సస్పెన్స్ ఏమీ లేదు కాబట్టి పెద్ద నష్టం లేదు. రెండు, యూట్యూబ్‌లో ఈ పేరు కొడితే సావిత్రి గారు నర్సుగా వేసిన 1960 నాటి సినిమా వస్తుంది. ఆ సినిమా వేరు, ఈ నవల వేరు. పేరొక్కటే కలిసింది.

ఎవరీ బుచ్చిబాబు?

అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916లో ఏలూరులో పుట్టారు, 1967లో పోయారు. అంటే బతికింది 51 ఏళ్లే. మొదట్లో అనంతపురంలో, విశాఖపట్నంలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేశారు. తర్వాత ఆకాశవాణిలో చేరి మద్రాసులో, విజయవాడలో పనిచేశారు. మా తాడేపల్లి నుంచి ప్రకాశం బ్యారేజీ దాటితే బెజవాడే కదా. బ్యారేజీ మీద వెళ్తున్నప్పుడల్లా నాకు ఈయన గుర్తొస్తారు. కథలు రాశారు, నాటికలు రాశారు, బొమ్మలు కూడా వేశారు. కానీ పూర్తి నవల అంటే అందరూ చెప్పుకునేది ఇదొక్కటే.

1946 ప్రాంతంలో సీరియల్‌గా వచ్చింది. మొదట దీనికి అనుకున్న పేరు 'ఏకాంతం'. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. అనంతపురంలో ఉద్యోగం చేశారన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే కథలో సగం ఆ నేల మీదే నడుస్తుంది.

కథ రెండు నిమిషాల్లో

హీరో పేరు దయానిధి. కోస్తా కుర్రాడు, డాక్టరీ చదివాడు. మంచివాడు, తెలివైనవాడు. సమస్య ఒక్కటే. వాళ్లమ్మ గురించి ఊళ్లో ఏదో చెప్పుకుంటారు. ఆవిడ నడవడిక మీద మాట పడింది. ఆవిడ చనిపోయినా ఆ మాట చావలేదు. దయానిధి ఎక్కడికి వెళ్లినా "వాడా? ఫలానా ఆవిడ కొడుకు" అనేది వాడికంటే ముందే అక్కడికి చేరుతుంది. పెళ్లి విషయంలో, చుట్టాల్లో, స్నేహితుల్లో, ప్రాక్టీసులో, అన్నిట్లోనూ అదే.

కోమలి అనే అమ్మాయిని ప్రేమిస్తాడు, ఆమె దక్కదు. మరదలు అమృతం ఉంది, ఆమె ఇంకొకరి భార్య. తను చేసుకున్న ఇందిర చాలాకాలం కాపురానికే రాదు, చివరికి జబ్బుతో చనిపోతుంది. ఇక్కడ ఉండలేక దయానిధి రాయలసీమ వైపు వెళ్లిపోతాడు. అక్కడ వజ్రకరూరు ప్రాంతంలో వజ్రం దొరుకుతుంది, డబ్బొస్తుంది, ఆసుపత్రి పెడతాడు, పేరొస్తుంది. హమ్మయ్య, గెలిచాడు అనుకుంటాం. కానీ తర్వాత వచ్చిన గొడవల్లో కట్టుకున్నదంతా పోతుంది. అన్నీ పోయాక వాడి పక్కన ఉండేది కోమలి.

చెప్పుకుంటే ఇంతే కథ. అసలు నవల జరిగేది వాడి బుర్ర లోపల. అందుకే దీన్ని నేను ఆధ్యాత్మిక ప్రయాణం అంటున్నా. ఇందులో గురువు లేడు, ఆశ్రమం లేదు, దేవుడు ప్రత్యక్షమవడు. కానీ దయానిధి వేసుకునే ప్రశ్న ఆ జాతిదే. "ఇదంతా ఎందుకు? నేనెవర్ని? అన్నీ తీసేస్తే నాలో మిగిలేది ఏంటి?" ఈ ప్రశ్న వేసుకోవడానికి కాషాయం కట్టక్కర్లేదు. రాత్రి రెండింటికి ఫోన్ పక్కన పడేసి సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకున్న ప్రతివాడికీ ఇది తెలుసు.

ప్రతీక అంటే ఏంటి?

ప్రతీక అనగానే పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న అనుకుంటారు. అదేం కాదు. షాపు గుమ్మానికి నిమ్మకాయ, ఎండుమిరపకాయలు గుచ్చి కడతాం. అది కూరలోకి కాదని చిన్నపిల్లాడికీ తెలుసు. మిరపకాయ మిరపకాయే, కానీ అక్కడ అది ఇంకో పని చేస్తోంది. దిష్టి గురించి మనకున్న భయాన్ని మోస్తోంది. నవలలో ప్రతీక కూడా అంతే. ఒక వస్తువు, ఒక చోటు, ఒక పేరు తన పని తను చేస్తూనే ఇంకో బరువు మోస్తుంది. ఈ నవలలో నాకు బాగా పట్టిన నాలుగు చెప్తాను.

ఒకటి: అమ్మ

గమనించారా, అమ్మ ఏం చేసిందో నవల మనకి సూటిగా చూపించదు. జనం అనుకునేదే మనకి వినపడుతుంది. నాకు మొదటిసారి చదివినప్పుడు విసుగొచ్చింది. "అసలు ఏం జరిగిందో చెప్పొచ్చు కదా" అనిపించింది. రెండోసారి చదివినప్పుడు అర్థమైంది. దయానిధికి కూడా అంతకంటే తెలీదు. వాడు మోస్తున్నది అమ్మ చేసిన తప్పుని కాదు, జనం నోటిని. చాలామంది దీన్ని షేక్‌స్పియర్ హామ్లెట్‌తో పోల్చేది అందుకే. అక్కడా తల్లి విషయమే కొడుకుని లోపలినుంచి తినేస్తుంది. తేడా ఏంటంటే, హామ్లెట్‌కి పగ తీర్చుకోవడానికి ఒక మనిషి ఎదురుగా ఉన్నాడు. దయానిధికి ఎవరున్నారు? ఊరంతటి మీద ఎవడు పగ తీర్చుకోగలడు?

రెండు: నేల

కోస్తాలో పచ్చదనం, కాలవలు, తడి. చుట్టూ చుట్టాలు, చుట్టాల చుట్టూ మాటలు. అక్కణ్ణుంచి దయానిధి వెళ్లింది రాళ్లు, ఎండ, నీళ్లు దొరకని నేలకి. మామూలుగా మనం ఏమనుకుంటాం? పచ్చటి చోటు సుఖం, ఎండిన చోటు కష్టం అని. ఈ నవల తిప్పి చూపిస్తుంది. పచ్చటి చోట వాడికి ఊపిరాడలేదు. ఎండిన చోట, తన పేరు తప్ప తన పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియని చోట, మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు. తూర్పు నుంచి పడమరకి చేసిన ఆ ప్రయాణం మ్యాపులో కొన్ని వందల కిలోమీటర్లు. లోపల చూస్తే, మీద ఉన్న ఆకులన్నీ రాల్చేసుకుని మోడుగా నిలబడటం.

మనం కూడా చేస్తాం కదా ఆ పని. ఊళ్లో పరువు పోయిందంటే హైదరాబాద్ బస్సెక్కేస్తాం. కానీ బుచ్చిబాబు అక్కడ ఆగలేదు. కొంతకాలానికి ఆ నేల మీద కూడా మాటలు మొలుస్తాయి. ఈసారి అమ్మ గురించి మాత్రమే కాదు, "వీడు ఎక్కణ్ణుంచో వచ్చినవాడు" అని. కోస్తా, సీమ అనే తేడా. ఊరు మారితే మాట మారుతుందేమో గానీ మాట్లాడటం ఆగదు.

మూడు: వజ్రం

వజ్రకరూరు నవల కోసం పుట్టించిన పేరు కాదు. అనంతపురం జిల్లాలో ఉంది. వజ్రాలు పైకి తెచ్చే కింబర్లైట్ అనే రాతి గొట్టాలు ఆ నేల అడుగున ఉన్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. తొలకరి వానలు పడగానే అక్కడా, కర్నూలు వైపు తుగ్గలి, జొన్నగిరి పొలాల్లోనూ జనం వంగి వెతుకుతూ ఉంటారు. ప్రతి జూన్‌లో మీ ఫీడ్‌లో ఆ వీడియోలు వస్తూనే ఉంటాయి. మన గుంటూరు, ప్రకాశం వైపు నుంచి కూడా జనం పోయి చెట్ల కింద వండుకు తింటూ వెతుకుతారు. అంతెందుకు, మన కృష్ణమ్మ ఒడ్డునే, ఎగువన కొల్లూరు గనులు ఉండేవి. కోహినూరు దొరికింది అక్కడే అంటారు. ఇప్పుడా చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది. వజ్రం మీద ఆశ మనకి కొత్తేం కాదు.

అందుకే బుచ్చిబాబు తెలివి చూడండి. ఆ ఆశనే తీసుకొచ్చి హీరో చేతిలో పెట్టేశారు. తీసుకో నాయనా, ఇదిగో వజ్రం. ఇప్పుడు చెప్పు, సుఖంగా ఉన్నావా? వజ్రం దేన్నయినా కోస్తుంది. దయానిధి దాంతో ఆసుపత్రి కట్టగలిగాడు. వేరేవాళ్ల జబ్బులు నయం చేయగలిగాడు. కానీ వాడి లోపల గడ్డకట్టుకుపోయి ఉన్న ఆ ఒక్క మాటని మాత్రం అది కోయలేకపోయింది. "డబ్బొస్తే ఆ నోళ్లు మూయిస్తా" అని మనలో ఎంతమందిమి అనుకుంటాం! ఈ నవల ఆ కోరిక తీర్చి మరీ చూపించింది. నోళ్లు మూతపడలేదు.

నాలుగు: పేరు

ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. నవ్వకండి. మూడోసారి చదువుతున్నప్పుడు పేరుని విడగొట్టి చూశాను. దయ, నిధి. దయకి నిధి. ఆల్కెమిస్ట్‌లో నిధి చర్చి గోడల మధ్య ఉంది. ఇక్కడ నిధి వాడి పేరులోనే ఉంది, మొదటి పేజీ నుంచీ. వాడు రాళ్లలో వెతుకుతున్నాడు, మనమూ వాడితో పాటు వెతుకుతున్నాం.

సరే, దయ అంటే ఎవరి మీద దయ? వాడు డాక్టరు, రోగుల మీద దయ ఉంది. ఆడవాళ్ల మీద, పేదవాళ్ల మీద ఉంది. మనుషులకి మతాలూ పోరాటాలూ కంటే కాస్త దయ ముఖ్యమనే ఆలోచన ఈ నవల నిండా పారుతూ ఉంటుంది. కానీ వాడికి దయ లేనిది ఒక్కడి మీదే. తన మీద. తనని తాను రోజూ కోర్టు బోనులో నిలబెట్టుకుంటాడు. ఊరు వేసిన శిక్ష ఒకటైతే, వాడు వేసుకున్నది పది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి

ఈ నవల నాకెందుకు తగిలిందో చెప్పకపోతే ఇదంతా పాఠం చెప్పినట్టు ఉంటుంది. మాది పల్నాడు వైపు ఊరు. నాన్న కౌలుకి మిరప వేసేవాడు. 2021లో మిరపకి తామర పురుగు తగిలిన సంవత్సరం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పూతంతా రాలిపోయింది. అప్పులు మీద పడ్డాయి. నాన్న ఎవరికీ చెప్పకుండా కొన్ని నెలలు ఊరొదిలి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చాడు, ఇప్పుడు కూలి పనికి వెళ్తున్నాడు, బాకీ కొద్దికొద్దిగా తీరుస్తున్నాడు. కానీ ఆ నెలల్లో ఊళ్లో నా పేరు మారిపోయింది. "పారిపోయినోడి కొడుకు."

నేను తాడేపల్లి వచ్చి రూములో చేరాక, నాన్న ఏం చేస్తాడంటే దుబాయ్‌లో ఉన్నాడని చెప్పేవాణ్ణి. రెండేళ్లు చెప్పాను. దుబాయ్‌లో ఇప్పుడు టైం ఎంత అయి ఉంటుందో కూడా చెప్పేవాణ్ణి, అంత ప్రాక్టీసు అయిపోయింది. రాత్రి నాన్న ఫోన్ చేస్తే మేడ మీదకి వెళ్లి గుసగుసగా మాట్లాడేవాణ్ణి.

ఈ పుస్తకం చదువుతూ దయానిధి మీద నాకు చాలా కోపం వచ్చింది. "ఒరేయ్, మీ అమ్మ గురించి వాళ్లేదో అంటే నువ్వెందుకురా ఇలా కుంగిపోతావ్?" అని. అలా తిడుతూ ఉండగానే, నేను తిడుతున్నది ఎవర్నో తెలిసొచ్చింది. వాడు కనీసం అమ్మని దాచలేదు. నేను బతికున్న నాన్నని దుబాయ్ పంపించేశాను.

కొన్ని రోజులకి మా రూమ్మేట్‌తో నిజం చెప్పాను. వాడేమీ కళ్లనీళ్లు పెట్టుకోలేదు, కౌగిలించుకోలేదు. "ఎకరం కౌలు ఎంతకి తీసుకున్నారు?" అని అడిగాడు. చెప్పాను. "అంత పెట్టి తీసుకుంటే పూత నిలబడినా మిగిలేది కాదు కదరా" అన్నాడు. అంతే. వాళ్లదీ మిరప ఊరే. రెండేళ్లుగా నేను సిగ్గుపడి దాచినదాన్ని వాడు ఒక లెక్కలాగా చూశాడు. పంట, కౌలు, పురుగు, అప్పు. నాన్న ఇల్లు వదిలి వెళ్లడం తప్పే, అమ్మ పడిన బాధ నేను చూశాను. అది తప్పు కాదని ఇప్పటికీ అనను. కానీ అది నాన్న జీవితంలో ఒక సంగతి. నా పేరు కాదు.

నాకు నచ్చనిది కూడా ఉంది

ఒక చెల్లెలు ముందే మెసేజ్ పెట్టింది. "అన్నా, వాడు తనని తాను తెలుసుకోవడానికి ఆడవాళ్లందరూ ఎందుకు నలిగిపోవాలి?" అని. న్యాయమైన ప్రశ్న. కోమలి అంటే కోమలత్వం, అమృతం అంటే ప్రాణం పోసేది, ఇందిర అంటే లక్ష్మి. పేర్లన్నీ ప్రతీకలే. కానీ చూసేది ఎవరు? దయానిధి. వాళ్లు వాడికి అద్దాలు. ఒక్కో అద్దంలో తన ముఖం చూసుకుని ముందుకెళ్తాడు. ఇందిర పక్క నుంచి ఈ కథ చెప్తే ఎలా ఉంటుంది? పెళ్లయింది, మొగుడి దగ్గరికి వెళ్లడానికి లేదు, వెళ్లేసరికి ఒంట్లో శక్తి లేదు. ఆమె ఆత్మాన్వేషణ ఏ పుస్తకంలో ఉంది?

బుచ్చిబాబు గారి భార్య శివరాజు సుబ్బలక్ష్మి గారు కూడా కథలు రాశారు, బొమ్మలు వేశారు. ఈ నవల చదివాక ఆవిడ కథలు కూడా చదవండి. అప్పుడు రెండో వైపు కూడా కనపడుతుంది. ఒక పుస్తకం గొప్పది అంటే అందులో లోటు లేదని కాదు. ఆ లోటు గురించి డెబ్బై ఏళ్ల తర్వాత కూడా మనం వాదించుకుంటున్నామంటే అది బతికున్నట్టే.

ఇంతకీ చివరికి ఏం మిగిలింది?

ఇదే కాలంలో, 1947 ప్రాంతంలో, తెనాలితో అనుబంధం ఉన్న త్రిపురనేని గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర' కూడా వచ్చింది. తెనాలి మాకు పక్కనే. అందులో సీతారామారావు కూడా తన బుర్రలో తనే తిరుగుతూ ఉంటాడు. కానీ ఆ యాత్ర శ్మశానంలో, తనని తాను నాశనం చేసుకోవడంతో ముగుస్తుంది. ఈ రెండు నవలలూ పక్కపక్కన పెట్టి చూస్తే భయమేస్తుంది. బయలుదేరింది ఇద్దరూ ఒకే రకం చీకట్లోంచి. ఒకడు లోపల తనతో పోట్లాడి ఓడిపోయాడు. ఇంకొకడు పోట్లాట ఆపేశాడు.

దయానిధికి మిగిలింది నాకు అర్థమైనంతలో అదే. ఆసుపత్రి పోయింది, వజ్రం తెచ్చిన డబ్బు పోయింది, అమ్మ మీద మాట అలాగే ఉంది. లోకంతో రాజీ కుదరలేదు. తనతో తనకి రాజీ కుదిరింది. ఇంతకుముందు ఈ నవలకి అనుకున్న పేరు చెప్పాను కదా, 'ఏకాంతం'. ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు. ఒంటరితనంలో మనతో మనకి పడదు, అందుకే ఫోన్ తీస్తాం. ఏకాంతంలో మనతో మనం కూర్చోగలం. నవల మొదట్లో దయానిధి ఒంటరివాడు. చివర్లో కోమలి పక్కనే ఉంది, అయినా వాడికి ఏకాంతం దొరికింది. నా లెక్కలో ఆ రెండు మాటల మధ్య దూరమే ఈ నవల.

చదవాలనుకునేవాళ్లకి

ఒక మాట. ఇది రీల్స్ స్పీడులో నడిచే పుస్తకం కాదు. కథ ఏమవుతుందా అని పరిగెత్తితే ముప్పయ్యో పేజీలో ఆపేస్తారు. నేనూ మొదటిసారి అలాగే ఆపేశాను. రోజుకి పది పేజీలు పెట్టుకోండి. పేజీలకి పేజీలు ఆలోచనలే వస్తాయి, కొన్ని అర్థం కావు. కంగారుపడకుండా దాటండి. ఎక్కడ మీకు చురుక్కుమంటుందో అక్కడ మాత్రం పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. పుస్తకం అయ్యాక ఆ గీతలన్నీ వరసగా చదవండి. దయానిధి సంగతి అటుంచి, మీ సంగతి కనపడుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఇలాంటి పుస్తకాలు కొన్నిసార్లు మనసుని బాగా బరువెక్కిస్తాయి. మీరు ఇప్పటికే కుంగిపోయి ఉంటే, ఒంటరిగా కూర్చుని చదవకండి. ముందు ఒక మనిషితో మాట్లాడండి. పుస్తకం ఎక్కడికీ పోదు.

సరే ఫ్రెండ్స్, ఈ రోజుకి ఇది. మీరు కూడా ఎవరినైనా, దేన్నైనా "దుబాయ్ పంపించేశారా"? పేర్లు వద్దు, వివరాలు వద్దు. చెప్పాలనిపిస్తే కామెంట్‌లో ఒక్క ముక్క రాయండి. లేకపోతే ఎవరికి చెప్పాలో వాళ్లకే ఫోన్ చేసి చెప్పండి, అది ఇంకా మంచిది.

వచ్చే ఎపిసోడ్‌లో 'అసమర్థుని జీవయాత్ర' తీసుకుందాం. సీతారామారావు ఎందుకు ఓడిపోయాడో నిదానంగా మాట్లాడుకుందాం. నాన్న ఫోన్ వచ్చే టైమైంది. ఈ మధ్య మేడ మీదకి వెళ్లడం లేదు, రూములోనే మాట్లాడుతున్నా. ఉంటాను మరి. నమస్తే.